మధ్యాహ్నపు చదువు: కళాపూర్ణోదయము



దేవతలును మానవులును ఒకరి నొకరు వలచు కథలు నేడు ఆంగ్లమున కోకొల్లలుగా వచ్చుచున్నవి. మన బాలికలు రాత్రి దీప మార్పక వానిని చదువుచుండగా పెద్దలు విసుగుకొందురు. అట్టి కథ మన భాషలో పదునాఱవ శతాబ్దముననే పుట్టినదని ఆ పెద్దలకు తెలియునో లేదో! అది పింగళి సూరనార్యుని కళాపూర్ణోదయము. రూపమున పద్యకావ్యమే యైనను నడక నవలది. ఇతర కవులవలె పురాణములనుండి కథ నెరువు తెచ్చుకొనక సూరన తానే కల్పించెను.

మన విశాఖపట్టణమునకు దీనితో నొక చుట్టరికము కలదు. కట్టమంచి రామలింగారెడ్డిగారు 1914లో ప్రకటించిన కవిత్వతత్త్వవిచారమున, తక్కిన ప్రబంధములను నిర్దాక్షిణ్యముగా విమర్శించుచు, ఈ కావ్యమును మాత్రము తలకెత్తుకొనిరి. 1926లో నేర్పడిన ఆంధ్రవిశ్వకళాపరిషత్తునకు మొదటి వైస్ ఛాన్సలరు వారే. పరిషత్తు వాల్తేరునకు వచ్చిన పిదప 1936 మొదలు 1949 వఱకును మరల ఆ పదవిలో నుండిరి. ఇప్పటికిని అచ్చట స్నాతకోత్సవ మందిరము వారి పేరిటనే యున్నది. అంతటి విమర్శకుడు వలచిన గ్రంథమును మన మేల దాచి చదువవలెను?

దాచుటకు కారణము శృంగారమందురు. కలదు, కాదనను. ద్వారకలోని కలభాషిణి యను వేశ్య, ఆకసమున విమానమెక్కి పోవు రంభానలకూబరులను చూచి నలకూబరునిపై మనసు పడును. అతని చేరుటకై రంభ రూపము దాల్చును. అచ్చట మణికంధరుడను గంధర్వుడు నలకూబరుని రూపము దాల్చియుండును. కోరినవాడు దొరకెనని ఆమె మురియును; దొరకినవాడు వేరు. స్వర్గమునందలి సౌందర్యము అరువు సొమ్మువలె చేతులు మారుచున్నది చూడుడు!

ఇక సుగాత్రి కథ. నా మనసు నిలిచిపోయిన దిచ్చటనే. ఆమె కాశ్మీరమున సరస్వతీదేవి నర్చించువాని కూతురు. భర్త శాలీనుడు ఇల్లటపుటల్లుడు, మిక్కిలి సిగ్గరి. తల్లి కూతును నగలతో నలంకరించి పంపును. అతడు కన్నెత్తి చూడడు. అల్లుడు పనికిరానివాడని అత్త వానిని తోటపనికి పెట్టును. కూతురు మాత్రము భర్త నొక్క మాటయు ననదు. ఒకనాడు గాలివాన వచ్చును. తోటలో భర్త తడియుచుండునని సుగాత్రి తాళలేక, నగలన్నియు తీసివేసి, పరుగున పోయి అతనితో పాటు పనికి పూనుకొనును. పనిచేత నలసిన యామెను చూచినప్పుడు శాలీనునకు ప్రేమ పుట్టినది. రంభ పొందని దీమె పొందినది. దేవతలను సృష్టించిన కవి యీ యింటి ముచ్చట నెచ్చట చూచెనో! పెండ్లిచూపులనాడు అరువు నగలు పెట్టుకొని కూర్చున్న ప్రతి యాడుదానికిని ఈ ఘట్టము వేరుగా నర్థమగును.

ఈ దంపతులే తరువాత మణిస్తంభుడు, సుముఖాసత్తి యను పేళ్లతో మరల కలిసి, ఒకరి రూప మొకరు మార్చుకొందురు. ఆడురూపున నున్న మణిస్తంభుడే కళాపూర్ణుని కనును. ఈ భాగమును మన యింటి పురుషులచేత ఒక్కమారైన చదివింపవలెను.

అరువు రూపములతో కలిసిన మణికంధరుడును కలభాషిణియు మరుజన్మమున కళాపూర్ణుడు, మధురలాలస యను పేళ్లతో పుట్టి, తమ తమ మొగములతోనే పెండ్లాడుదురు. రాజునకు అభినవకౌముది యను మరియొక భార్యయు కలదు. ఇచ్చట మాత్రము నాకు సూరనపై కోపమే. ఇంత క్రొత్త కథ నల్లినవాడు సవతిని తప్పింపలేకపోయెనా!

2002లో వెల్చేరు నారాయణరావుగారును డేవిడ్ షుల్మన్‌గారును దీనిని ఆంగ్లము చేసిరి. తెలుగు పద్యము రాని బాలికలు దానితో మొదలుపెట్టినను తప్పులేదు. తెలుగున చదువువారు తాత్పర్యమున్న ప్రతి తెచ్చుకొనవలెను. పేళ్లు తికమక పెట్టును గనుక, ఎవరు ఏ జన్మమున నెవరో ఒక కాగితముపై వ్రాసికొని పుస్తకములో నుంచుకొనుడు. ఎనిమిది యాశ్వాసములు; దినమునకు పది పద్యములైనను చాలును.