మాటల మూట: 'ఓకే'



గడచిన మాసమున ఒక సోదరి ఈ శీర్షికకు జాబు వ్రాయుచు, "నేనేమి చెప్పినను మా కోడలు 'ఓకే అత్తయ్యా' యనుచున్నది. అది మన్ననయా, నిర్లక్ష్యమా?" అని యడిగినారు. చదివి నవ్వుకొని జాబును పెట్టెలో నుంచితిని. ఇంతలో మా వీధిలోనే ఆ రెండక్షరముల మూలమున ఒక కుటుంబము పరువు బజారున బడినంత పని యైనది. కావున ఈ మాసము దానినే చేపట్టితిని.

ఈ మాట వేళాకోళమున బుట్టినది. అమెరికా దేశమందలి బోస్టను నగరమున 1838, 1839 సంవత్సరములలో పత్రికలవారికి పొడియక్షరముల పిచ్చి పట్టినది. ఆ పొడియక్షరములైనను తిన్నగా నుండవు. చదువురాని వాడు వ్రాసినట్లు మాటను తప్పులతో వ్రాసి, ఆ తప్పు మాటనుండి మొదటి యక్షరములను దీసెడివారు. 'అంతయు సరిగా నున్నది' యని యర్థమిచ్చు 'ఆల్ కరెక్ట్' అను పలుకును 'ఓల్ కొరెక్ట్' అని వికారముగా వ్రాసి, దానిని 'ఓ.కే.' చేసిరి. 1839 మార్చి 23వ తేదీని 'బోస్టన్ మార్నింగ్ పోస్టు' పత్రికలో నిది యచ్చుపడినది. మనలో నెవరైన 'సర్వము శుభము' అనుటకు 'షర్వం సుభం' అని వ్రాసి, 'ష.సు.' అని ముగించినట్లన్నమాట! పొడియక్షరములు మనకు మాత్రము క్రొత్తవా? శుభలేఖలలో 'చి.ల.సౌ.' యున్నది, మన తాతల నాటి యుత్తరములపై 'మ.రా.రా.శ్రీ' యుండెడిది. అవి గౌరవమునకు బుట్టినవి, ఇది పరిహాసమునకు బుట్టినది.

అట్టి పరిహాసపు మాటలు నాడు మరికొన్ని పుట్టి గిట్టినవి. ఇది బ్రదికినది 1840 నాటి అధ్యక్షుని యెన్నిక వలన. పోటీలో నున్న మార్టిన్ వాన్ బ్యూరెను స్వగ్రామము కిండర్‌హుక్. ఆయనను 'ఓల్డ్ కిండర్‌హుక్', అనగా కిండర్‌హుక్ పెద్దాయన, అని పిలుచుకొని యనుచరులు 'ఓ.కే.' సంఘములు స్థాపించిరి. ఆయన యోడిపోయెను, మాట గెలిచెను. పిమ్మట తంతి గుమాస్తాలు 'సరిగా నందినది' యని తెలుపుటకు దీనిని చేపట్టిరి. పాత పత్రికలు గాలించి ఈ జన్మవృత్తాంతమును 1963, 1964 సంవత్సరములలో ప్రకటించినవాడు అలెన్ వాకర్ రీడ్ అను పండితుడు.

మన 'ఓమ్' నుండియే యిది పుట్టినదని చెప్పి మురియువా రున్నారు. ఓంకారము అనుమతిని దెలుపు నక్షరమని ఛాందోగ్యోపనిషత్తు చెప్పుట నిజమే. అమరకోశము దానిని అంగీకారార్థమున బఠించుటయు నిజమే. చిన్ననాడు ఆ వర్గమును వల్లించిన నాకును ఈ పోలిక ముద్దుగనే తోచును. కాని పోలిక వేరు, పుట్టుక వేరు.

ఇక వాడుక సంగతి. మనకు ఒప్పుదల తెలుపు మాటలు ఎన్నెన్ని! పెద్దల యానతికి 'చిత్తము', సమానులకు 'సరే', చిన్నవారికి 'కానిమ్ము', మనసు లేని యొప్పుదలకు 'సరేలే', వంట యొక మోస్తరుగా నున్న 'పరవాలేదు', సెలవు పుచ్చుకొనునప్పుడు 'మంచిది'. ఇన్నింటి బరువును నేడు 'ఓకే' యొక్కటియే మోయుచున్నది. పలుకునప్పుడు కంఠస్వరము కొంత సాయపడును. ఫోనులో వ్రాసి పంపినప్పుడు ఆ సాయమును లేదు. అందును నేటి పిల్లలు 'ఓ'ను గూడ విడిచి 'కే' యని యొక్క యక్షరమే పంపుదురు.

మా వీధి పిల్ల పొరుగూర నుద్యోగము చేయుచున్నది. తండ్రి యొక వరుని ఛాయాచిత్రమును, వివరములను ఫోనులో బంపి, "చూచితివా అమ్మా?" అని వ్రాసినాడు. పిల్ల 'ఓకే' యని వ్రాసినది. ఆయన పొంగిపోయి మగపెండ్లివారికి మాట యిచ్చి, నిశ్చయతాంబూలములకు దినము గూడ పెట్టించినాడు. పిల్ల యింటికి వచ్చి, "నాన్నా, అందినదంటిని గాని ఒప్పుకొంటినని యంటినా?" అని భోరున నేడ్చినది. తండ్రి, "అక్షరములు కనబడుచున్నవి గదా!" అని ఫోను చూపును. ఇద్దరును సత్యమే చెప్పుచున్నారు! అమ్మమ్మ కథ చెప్పుచుండగా మనము 'ఊఁ' కొట్టలేదా? రాక్షసుడు రాకుమారిని నెత్తుకొనిపోయెననినను 'ఊఁ' అంటిమి. రాక్షసుని మెచ్చియా? వినుచున్నామని మాత్రమే. ఆ పిల్ల 'ఓకే' అట్టిది. తంతి గుమాస్తాల 'ఓకే'.

ఇందు తప్పు తండ్రిదేయని నా యభిప్రాయము. పిల్ల జీవితమునకు సంబంధించిన ప్రశ్నను 'చూచితివా' యని యడుగవచ్చునా? 'నీకిష్టమా' యని యడుగవలదా? మౌనము అర్ధాంగీకారమని యాడుపిల్లల నోళ్లకు యుగములుగా మన మర్థములు చెప్పుచునే యున్నాము. ఇప్పు డీ మాట దొరికినది. పాపమాయన తానే పోయి మగపెండ్లివారిని క్షమాపణ వేడి గడువు గోరినాడు. వారును మర్యాదస్థులు. ఈ మారు తల్లి కూతురిని ఎదుట గూర్చుండబెట్టుకొని యడిగినది. పిల్ల నాలుగు దినములు యోచించి, వరునితో రెండు మారులు మాటలాడి, "ఇష్టమే. కాని యుద్యోగము మానను, ఆ సంగతి ముందుగా వారితో చెప్పుడు" అని చెప్పినది. చెప్పిరి. వారు సమ్మతించిరి.

జాబు వ్రాసిన సోదరికి నా మనవి. మీ కోడలి 'ఓకే' వెనుక 'అత్తయ్యా' యున్నది గనుక నిర్లక్ష్యమని తొందరపడకుడు. చెప్పిన పని సాయంకాలమునకు జరిగినదా, అది 'చిత్తము'. జరుగలేదా, అది 'ఊఁ' కొట్టుట. మా యింట నా కుమారునిది రెండవ జాతి.