ముందు మాత్రల సంచి విప్పండి

డెబ్బై దాటిన మనిషి డిప్రెషన్ మందు మొదలుపెట్టాక తూలిపడితే, "వయసు కదండీ" అని చేతులు దులుపుకునే డాక్టర్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆ మందు ఆయన ఒంట్లో ఎంత పేరుకుందో అడిగారా?

సిటలోప్రామ్, ఎస్సిటలోప్రామ్ మాత్రలను కాలేయంలో ప్రధానంగా అరగదీసేది సీవైపీ2సీ19 అనే ఎంజైము. ఆ ఎంజైమును తయారుచేయించే జన్యువు ప్రతులు రెండూ పనిచేయనివాళ్లకు మామూలు మోతాదే ఎక్కువవుతుంది. ఐరోపా సంతతిలో ఇలాంటివాళ్లు నూటికి ఇద్దరు ముగ్గురు. మన దక్షిణాదిలో? ఆంధ్ర సహా నాలుగు రాష్ట్రాలవారిని పరీక్షించి పుదుచ్చేరి జిప్‌మర్ పరిశోధకులు 2005లోనే చెప్పారు: ఆ జన్యు ప్రతుల్లో దాదాపు మూడో వంతు పనిచేయని రకమే. అంటే సుమారు పదిమందిలో ఒకరికి ఆ ఎంజైము లేనట్టే. స్టెంటు వేశాక ఇచ్చే క్లోపిడోగ్రెల్‌ను పనిచేయించేదీ ఇదే ఎంజైము కాబట్టి గుండె డాక్టర్లకిది కొత్త పేరేమీ కాదు. మనసు వైద్యం దగ్గరికొచ్చేసరికే ఎందుకీ మౌనం?

60 దాటినవారికి, ఈ ఎంజైము పనిచేయనివారికి, దాన్ని అడ్డుకునే మందులు వాడేవారికి సిటలోప్రామ్ రోజుకు 20 మిల్లీగ్రాములు మించకూడదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2012లో చెప్పింది. మోతాదు పెరిగితే గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. అడ్డుకునే మందులంటే ఎక్కడివో కావు. పరగడుపునే వేసుకునే గ్యాస్ బిళ్ల ఒమెప్రజోల్ వాటిలో ఒకటి! పుట్టుకతో జన్యువు బాగున్నవాళ్ల ఎంజైమును కూడా అది అణిచేస్తుంది. మన పెద్దవాళ్లలో ఎంతమంది దాన్ని ఏళ్ల తరబడి, ఏ చీటీ లేకుండా మింగుతున్నారో డాక్టర్లకు తెలియదా?

ఇక "మీ జన్యువులకు సరిపడే మందు మేం చెబుతాం" అని జన్యు పరీక్షల ప్యాకేజీలు అమ్మేవాళ్లు. ఈ జన్యువు చెప్పగలిగేది మందు రక్తంలో ఎంత నిలుస్తుందనే. దిగులు తగ్గుతుందా అన్నది అది చెప్పలేదు. అలాంటి మాటలు నమ్మి మందులు మార్చవద్దని ఎఫ్‌డీఏ 2018లో హెచ్చరించింది. దాదాపు రెండు వేల మంది అమెరికా మాజీ సైనికులపై జరిగి 2022లో వెలువడిన అధ్యయనంలో, పరీక్ష చేయించుకున్నవారికి మొదట్లో కనిపించిన కాస్త మేలు కూడా 24 వారాలకు నిలవలేదు. దిగులుతో కుంగినవాళ్లకు ఇంత పెద్ద మాట అమ్మడం దుర్మార్గం.

చేయాల్సినవి చేతిలోనే ఉన్నాయి. మందు రాసేముందు పెద్దాయన మాత్రల సంచి బల్లమీద కుమ్మరించి చూడండి. తక్కువ మోతాదుతో మొదలుపెట్టండి. కొన్ని వారాల్లోనే రక్తంలో సోడియం చూడండి, ఎందుకంటే ఈ మందులతో అది పడిపోయి వచ్చే తికమకను మతిమరుపని ఇంటికి పంపేస్తున్నారు. సిటలోప్రామ్ ఇస్తే ఈసీజీ తీయండి. తక్కువ మోతాదుకే తట్టుకోలేనివారికి ఆ ఒక్క జన్యు పరీక్షను సర్కారు ఆసుపత్రిలో ఉచితంగా చేయాలి. మన డెబ్బై ఏళ్లవాళ్లను చేర్చుకుని మన దగ్గరే మోతాదులు తేల్చాలి, దానికి డబ్బు ప్రభుత్వమే పెట్టాలి.