పంటకు మందు, మనసుకు విషము

వ్యవసాయ కుటుంబమున ఒక పురుషుడు మాట తగ్గించి, నిద్రకు దూరమై, చేయు పనియందు రుచి కోల్పోయి మూల కూర్చున్నచో, ఊరివారు మొదట అడుగు ప్రశ్న “అప్పెంత?” అనునది. ఈ ప్రశ్న న్యాయమైనదే. కాని “ఈ పంటకాలమున ఎన్ని దినములు మందు కొట్టినాడు?” అను రెండవ ప్రశ్న యొకటి కలదు. దానిని బంధువులు గాని, వైద్యులు గాని, విచారణకు వచ్చు అధికారులు గాని అడుగుట మిక్కిలి అరుదు. అడిగి తీరవలెనని మా యభిప్రాయము.

మన ప్రత్తి, మిరప, వరి చేలపై చల్లబడుచు వచ్చిన మందులలో పెక్కు ఆర్గనోఫాస్ఫేట్ వర్గమునకు చెందినవి. మోనోక్రోటోఫాస్, ప్రొఫెనోఫాస్, ఎసిఫేట్, క్లోరిపైరిఫాస్ అను పేరులు మన పాఠకులకు క్రొత్తవి కావు. జర్మనీ దేశమున పురుగుమందులకై ఈ వర్గమును శోధించుచున్న గెరార్డు ష్రాడర్ అను రసాయనశాస్త్రజ్ఞుడు 1936లో టాబున్ అను పదార్థమును కనుగొనగా, అది యుద్ధమునకు పనికివచ్చు విషముగా పరిణమించినది. పురుగును చంపు మందును, మనుష్యుని చంపు ఆ విషమును ఒకే వంశమునకు చెందినవని దీనివలన తెలియుచున్నది.

ఇవి పనిచేయు విధము కూడ ఒక్కటియే. నరమునుండి నరమునకు వార్తను కొనిపోవు ఎసిటైల్‌కోలిన్ అను ద్రవ్యమును, పని తీరినవెంటనే విరుగగొట్టుటకై దేహమున కోలినెస్టరేజ్ అను ఎంజైము కలదు. మందు ఆ ఎంజైమును బంధించును. అంతట ద్రవ్యము పేరుకొని, నరములు విశ్రాంతి యెఱుగక కొట్టుకొనును. విషము అధికముగా సోకినచో చెమటలు, చొంగ, చూపు మసకబారుట, ఊపిరి యాడకుండుట మున్నగు చిహ్నములు కనబడును గనుక రోగిని వైద్యశాలకు చేర్తురు. కొంచెము కొంచెముగా దినదినము సోకినచో పైకి కనబడునది స్వల్పము. కాని ఈ ఎంజైము మెదడునందును కలదు. నిద్రకు, జ్ఞాపకమునకు, మనఃస్థితికి సంబంధించిన వ్యవస్థ అచ్చట చెదరుటకు అవకాశము కలదు.

ఈ అనుమానము నిన్న మొన్న పుట్టినది కాదు. ఆస్ట్రేలియా దేశమున ఈ మందులతో చిరకాలము పనిచేసిన 16 మందికి కలిగిన మానసిక వికారములను, వానిలో కుంగుబాటును, అచ్చటి వైద్యులు 1961లోనే లాన్సెట్ పత్రికయందు ప్రకటించిరి. అమెరికాలోని అయోవా, ఉత్తర కరోలినా రాష్ట్రములలో 1993లో ఆరంభమైన మహాపరిశోధనయందు మందు చల్లువారును, వారి భార్యలును గలసి సుమారు 89,000 మంది చేరిరి. 2008లో వెలువడిన దాని ఫలితములనుబట్టి చూడగా, పూర్వమొకసారి పురుగుమందు విషము సోకినవారిలో కుంగుబాటు సంభావ్యత ఇతరులకంటె రెండింతలకు మించి యున్నది. అట్టి విషబాధ నెన్నడు నెఱుగక, పెక్కు దినములు మందు చల్లినవారిలో సైతము అది కొంత హెచ్చుగనే కనబడినది.

ఇంతమాత్రమున కారణము నిర్ధారితమైనదని చెప్పుట సాహసము. అప్పులలో మునిగినవాడే పంటను దక్కించుకొనుటకై ఎక్కువ మందు కొట్టవచ్చును. అప్పే అతనిని క్రుంగదీసి యుండవచ్చును. ఈ రెండింటిని వేఱుచేయుట సులభము కాదు. ఇంతకంటె ముఖ్యమైన హెచ్చరిక మఱొకటి కలదు. రైతు దుఃఖమునకు రసాయనమే మూలమని చెప్పి, గిట్టుబాటు ధర, ఋణము, కౌలుదారుని హక్కు అను సమస్యలనుండి ప్రభుత్వములు తప్పించుకొనరాదు. అప్పును తీర్చవలెను, విషమును ఆపవలెను. ఒకటి చేసితిమని రెండవది మానుట న్యాయము కాదు.

మన దేశమున ఈ విషయము ఎంత సమీపమైనదో చూడుడు. 2003లో ఆంధ్రప్రదేశమందలి మూడు గ్రామములలో ప్రత్తి రైతులచేతనే లెక్కలు వ్రాయించి చూడగా, నూటికి 83 పిచికారీలకు పైగా ఏదో యొక విషలక్షణముతో ముగిసినవి. మందు కలిపి డబ్బాలు నింపిన స్త్రీలును బాధపడిరి. 2017లో మహారాష్ట్రమందలి యవత్‌మాల్ ప్రాంతమున ప్రత్తిచేల మందు కొట్టుచు పలువురు శ్రమజీవులు ప్రాణములు కోల్పోయిరి. చచ్చినవారిని లెక్కించితిమి. బ్రదికి ఇల్లు చేరి, నెలల తరబడి దిగులుతో కృశించినవారి లెక్క యెవరు వ్రాసిరి?

దీనికి క్రొత్త చట్టము కావలెనని మేము కోరుటలేదు. 1958లో పారథియాన్ కలిసిన ఆహారము తిని కేరళ, మద్రాసు రాష్ట్రములలో నూఱుమందికి పైగా మరణించిన పిదప 1968లో క్రిమిసంహారకముల చట్టము వచ్చినది. దాని క్రింద 1971లో ఏర్పడిన నిబంధనలలో, మందు చల్లు పనివారికి నియతకాలములందు వైద్యపరీక్ష జరుగవలెననియు, ఆర్గనోఫాస్ఫేట్లతో పనిచేయువారి రక్తమందలి కోలినెస్టరేజ్ ప్రమాణమును కొలువవలెననియు వ్రాయబడినది. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రము ఇట్టి పరీక్షను 1974లో విధించి ఆచరణయందు పెట్టినది. వారికంటె ముందు వ్రాసికొన్న మనము కాగితముతో తృప్తిపడితిమి. మన పల్లెలలో కూలికి మందు కొట్టువారిలో ఈ పరీక్ష పేరు విన్నవాడు ఎందఱున్నారో పాఠకులే విచారించి చూతురుగాక.

కాబట్టి ప్రభుత్వములవారు ప్రత్తి, మిరప ప్రాంతములందలి ప్రాథమిక ఆరోగ్య కేంద్రములలో ఈ రక్తపరీక్షను పంటకాలమునకు ముందొకసారి, నడుమ నెలనెలా, ఉచితముగా చేయింపవలెను. ఎంజైము తగ్గినవానిని కోలుకొనువరకు మందుపనినుండి తప్పింపవలెను. కుంగుబాటుతో వచ్చిన ప్రతి వ్యవసాయదారుని వైద్యుడు మందుపనినిగూర్చి తప్పక ప్రశ్నింపవలెను. కుంగుబాటు చికిత్సకు లొంగు వ్యాధి యనియు, అది సోమరితనము కాదనియు గ్రామములలో తెలుపవలెను.

భూస్వాములగు మన పాఠకుల బాధ్యత ఇంతకంటె తక్కువది కాదు. ఏ మందు కొనవలెనో నిర్ణయించునది యజమాని. దానిని వీపున మోసి పీల్చునది కూలివాడు. డబ్బాపై ఎఱ్ఱని, పసుపుపచ్చని త్రికోణములున్న మందులు మిక్కిలి విషపూరితములు. వానిని కొనకుండుట మన చేతిలోని పని. ఒకే మనిషిచేత దినదినము మందు కొట్టింపకుండుట, చేతొడుగులు, ముఖమునకు ముసుగు, పని ముగిసినవెంటనే స్నానమునకు నీరు, సబ్బు సమకూర్చుట పెద్ద వ్యయము కాదు. ఖమ్మము ప్రాంతమందలి పునుకుల గ్రామస్థులు వేపగింజల కషాయము మున్నగు పద్ధతుల నవలంబించి పురుగుమందులనే విడిచి సేద్యము చేసి చూపిరి.

శాస్త్రజ్ఞులు కారణమును నిస్సందేహముగా నిర్ధారించువరకు వేచియుందమనువారు కొందఱుందురు. ఆ నిర్ధారణ వచ్చినను రాకున్నను, ఈ జాగ్రత్తలవలన ఎవరికిని నష్టము లేదు. జాగు చేసినచో కలుగు నష్టమును మాత్రము మన చేలలో శ్రమించువాడే భరింపవలసి వచ్చును.