సెలవిచ్చినా ఓటెయ్యరట!

2024 మే 13న లోక్‌సభ పోలింగ్ ముగిసీ ముగియగానే హైదరాబాద్‌కు చివాట్లు మొదలయ్యాయి. భువనగిరిలో 76 శాతం దాటితే హైదరాబాద్ స్థానంలో 48.48, పక్కనే సికింద్రాబాద్‌లో 49. ఇంకేం, తీర్పు సిద్ధం: చదువుకున్నవాళ్లకు బద్ధకం, సెలవిస్తే రిసార్టుకు పోతారు, ఓటెయ్యనివాడికి సర్కారును నిలదీసే హక్కెక్కడిది?

రిసార్టుకు పోయినవాళ్లు లేరని కాదు. కానీ పోలైన ఓట్లు చూసి తిట్టేవాళ్లెవరూ ఆ శాతాన్ని దేనిమీద కట్టారో చూడరు.

కట్టింది ఓటర్ల జాబితా మీద. 2023 జనవరి నుంచి ఈ ఎన్నికల దాకా ఒక్క హైదరాబాద్ జిల్లాలోనే 5.4 లక్షలకు పైగా పేర్లు తొలగించామని అధికారులే ప్రకటించారు. వాటిలో సుమారు 47 వేలు చనిపోయినవాళ్లవి, 54 వేలు రెండుసార్లు నమోదైనవి, మిగతా 4.4 లక్షలు ఇల్లు మారినవాళ్లవి. అంటే పేరు కొట్టేసేదాకా ఏ ఎన్నిక వచ్చినా వీళ్లంతా బద్ధకస్తుల పద్దులోనే, కాటికి పోయినవాళ్లతో సహా! అద్దె పెరిగి మలక్‌పేట నుంచి మియాపూర్‌కు సామాను సర్దుకున్న కుటుంబం ఓటు మాత్రం మలక్‌పేటలోనే ఉండిపోతుంది. చిరునామా మార్పుకు ఫారం-8 నింపకపోవడం తప్పే. దాన్ని ప్రజాస్వామ్యం మీద విరక్తిగా చదవడం అంతకన్నా పెద్ద తప్పు.

ఇదే నగరం పోలింగ్‌కు ముందు శని, ఆదివారాల్లో ఏం చేసిందో చూడాలి. విజయవాడ హైవే మీద పంతంగి టోల్‌ప్లాజా దగ్గర కార్లు బారులు తీరాయి. బస్సులు కిక్కిరిశాయి. ఆంధ్రప్రదేశ్‌లో అసెంబ్లీకీ అదే రోజు పోలింగ్, అక్కడ 81.86 శాతం నమోదైంది. ఒకరి పేరు రెండు చోట్ల ఉండకూడదని చట్టం. అయినా ఇక్కడి జాబితాలోనూ పేరు మిగిలిపోయినవాళ్లు, ఊరెళ్లి ఓటేసిన పుణ్యానికి ఇక్కడ ఎగవేతదారులయ్యారు. ఊళ్లో చైతన్యవంతులు, నగరంలో సోమరులు!

ఎన్నికల సంఘానికి ఈ చిక్కు తెలియంది కాదు. వలస ఓటర్లు ఉన్నచోటి నుంచే ఓటేసేలా, 72 నియోజకవర్గాలకు పనికొచ్చే యంత్రాన్ని 2022 డిసెంబరులో తనే ప్రకటించింది. మరుసటి నెల పార్టీలను పిలిచి చూపబోతే ప్రతిపక్షాలు అభ్యంతరం చెప్పాయి. 2024కు అది అక్కరకు రాలేదు.

కాబట్టి పాలమూరు నుంచి వచ్చి గచ్చిబౌలిలో సెంట్రింగ్ పని చేసే కూలీ ఓటేయాలంటే ఊరికి పోవాల్సిందే. పోలింగ్ రోజున దినకూలీకి కూడా జీతంతో సెలవివ్వాలని చట్టం చెబుతోంది. పొద్దున్నే అడ్డా మీద నిలబడి, ఎవరు పిలిస్తే వాళ్ల వెంట పోయే మనిషికి ఆ జీతం ఇచ్చే యజమాని ఎవరు? రానూపోనూ చార్జీలు, రెండు రోజుల కూలి వదులుకుని కొందరు వెళ్లారు. వెళ్లలేనివాణ్ని మాత్రం రిసార్టుకు పోయినవాడి పక్కన నిలబెట్టి ఒకే తిట్టు తిడుతున్నారు.