టైడీ అంటే ఏమిటి?

మండవల్లి నుంచి ఒక తల్లిగారు ఉత్తరం వ్రాశారు. అబ్బాయి లెక్కల పుస్తకంలో మేష్టారు ఎర్రసిరాతో 'నాట్ టైడీ' అని పెట్టారట. తీరా చూస్తే లెక్కలన్నీ ఒప్పేనట! అక్షరాలు ముత్యాల్లాగే ఉన్నాయట! "నీట్ అన్నా టైడీ అన్నా ఒకటే కదండీ?" అని ఆవిడ ప్రశ్న.

ఒకటి కాదు. నీట్ అన్నది మెరుపును చెప్పే లాటిన్ మాటనుంచి వచ్చింది. అది కంటికి సంబంధించిన సంగతి. (మన 'నీటు' దాని చుట్టం కాదు సుమండీ! మన నీటులో సొగసుతోపాటు కాస్త టెక్కు కూడా ఉంది. 'నీటుగాడు' అన్నప్పుడు ఆ సంగతి తెలిసిపోతుంది.)

టైడీలో ఉన్నది 'టైడ్'. ఇప్పుడు టైడ్ అంటే సముద్రపు పోటు. పూర్వం ఆ మాటకు వేళ, కాలం అని అర్థం. కనుక మొదట్లో టైడీ అంటే అదనుకు వచ్చినది, వేళ తప్పనిది. 'చక్కగా సర్ది ఉన్నది' అనే అర్థం 1700 ప్రాంతాల్లో గాని వాడుకకు రాలేదు. 'టైడీ సమ్' అంటే కట్టలు కట్టి పేర్చిన డబ్బు అనుకునేరు! బాగా పెద్ద మొత్తమని భావం. తెలుగులో టైడీకి 'పొందిక' దగ్గర మాట. అక్షరం ముత్యమైనా, దేని తర్వాత ఏది రావాలో అది రాకపోతే పొందిక లేనట్టే. మేష్టారి ఎర్రసిరా భావం అదే కాబోలు.

ఇక అదను సంగతి కొల్లేటి ఒడ్డువారికి ఒకరు చెప్పాలా? వానాకాలంలో బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన నీరు సరస్సంతా పరచుకునేది. వేసవికి ఉప్పుటేరు గుండా సముద్రానికి దిగిపోయేది. దిగినచోట నాట్లు పడేవి. చూడబోతే తిన్నని గీత ఒక్కటి లేదు. అయినా టైడీ అనే మాట పాత అర్థానికి ఇంతకన్న మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

తర్వాత చేపల చెరువులు వచ్చాయి. గట్లు తాడు పట్టి గీసినట్టుంటాయి, ఎంత నీట్! నీరు వేళకు పోవడానికే దారి లేకపోయింది. 1999లో సముద్రమట్టానికి 5 అడుగుల గీత లోపలి 308 చదరపు కిలోమీటర్లను పక్షుల శరణాలయమని ప్రకటించారు. 2006లో ఆ గట్లను యంత్రాలతో తెగ్గొట్టారు. అప్పుచేసి చెరువు తవ్వుకున్న ఇంటికి అది చిన్న దెబ్బ కాదు. వరదనీరు గుమ్మం ఎక్కి రోజుల తరబడి కదలని ఇంటికి గట్లూ చిన్న బాధ కాదు. ఈ రెండిళ్లూ ఒక్కొక్కప్పుడు ఒకే వీధిలో ఉంటాయి.