గాదెలో పోయవలసినది మనమే

అంతర్జాలము మన పిల్లలచే తెలుగును మరపించుచున్నదని కొందరి ఆవేదన. అదియే తెలుగును కాపాడునని మరికొందరి ధీమా. ఈ ఇరువురును ఒక్క సత్యమును విస్మరించుచున్నారు. అంతర్జాలము గాదె వంటిది. ఎవరో పోసిన గింజనే మరియొకరు కొలుచుకొందురు. మనకు దాని అవసరమెంతయో, దానికి మన అవసరమును అంతయే.

ఇందులకు నిదర్శనము మన ఊరనే కలదు. నాటి చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో జన్మించి, 1994లో ట్యూరింగు పురస్కారమందిన రాజ్ రెడ్డిగారు పది లక్షల గ్రంథములను అంతర్జాలమున నిలుపవలెనను ఉద్యమమునకు సారథ్యము వహించిరి. భారతదేశమున ఆ కృషికి బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ కేంద్రమైనది. ఆ డిజిటల్ గ్రంథాలయము వలన అంగడిలో దొరకని వేలాది తెలుగు పుస్తకములు ఇంటనే చదువుకొన వీలయ్యెను. కాలక్రమమున దాని తలుపులు మూతపడినవి. అయినను పుస్తకములన్నియు నశింపలేదు. పట్టుదల గలవారు పెక్కింటిని అమెరికాలోని ఇంటర్నెట్ ఆర్కైవునకు చేర్చిరి. కాని వానిలో అనేకములకు పేర్లు ఆంగ్లలిపిలో తప్పులతడకగా నున్నవి. పేరు తప్పిన పుస్తకము ఉండియు లేనిదే కదా! దానిని దిద్దుటకు తెలుగు చదివిన మనిషి కావలెను.

2003 డిసెంబరులో ఆరంభమైన తెలుగు వికీపీడియాను పెంచినవారును జీతమాశింపని వ్రాతగాండ్రే. నేడు యంత్రములు తెలుగున బదులు పలుకుచున్నవన్న, అట్టివారు వ్రాసియుంచిన తెలుగును చూచి నేర్చినవే.

మరి బెంగళూరు తెలుగువారము ఆ గాదెలో ఏమి పోసితిమి? తరతరములుగా కన్నడముతో చెలిమి చేసిన మన ఇంటి పలుకుబడి, పెండ్లిపాటలు, వంటకముల పేళ్లు ఎచట నమోదైనవి? సంఘముల పాత సంచికలు బీరువాలలో చెదలకు ఆహారమగుచున్నవి. వీనిని మనము వ్రాయనిచో విజయవాడవారు వ్రాయుదురా, వరంగల్లువారు వ్రాయుదురా?

తీరిక లేదందురా? గంటలకొలది తెర చూచుటకు తీరిక కలదు. నేర్పు లేదందురా? కంప్యూటరు కొలువులకు పేరొందిన నగరమున ఆ మాట నవ్వులపాలగును. హక్కుల చిక్కందురా? రచయిత గతించి 60 ఏండ్లు దాటిన గ్రంథమునకు మన దేశమున ఆ చిక్కు లేదు.

కావున ప్రతి కుటుంబమును ఏటికొక్క పని చేయుగాక! వికీసోర్సున ఒక పాత పుస్తకపు పుటలలోని తప్పులు దిద్దుడు. అమ్మమ్మ పాడు పాటను ఆమె పలికినట్లే వ్రాసి ఉంచుడు. సంఘపు తొలి సంచికలను ఛాయాప్రతులు తీయించి అందరికి అందుబాటున పెట్టుడు. పోయని గాదె కడకు పోయి, గింజలు లేవని నిందించుట న్యాయము కాదు.