దూరం చెప్పని ఎగ్జిట్ నంబరు

గోదావరిఖని, రామగుండం నుంచి హైదరాబాద్‌కు సాగే రాజీవ్ రహదారి శామీర్‌పేట వద్ద ఔటర్ రింగ్ రోడ్డును కలుస్తుంది. పెద్దాసుపత్రికి రోగిని తీసుకెళ్లే సింగరేణి కుటుంబానికైనా, గల్ఫ్‌కు వెళ్లే మనిషిని విమానాశ్రయంలో దించవలసిన డ్రైవరుకైనా ఆ వలయంపై ప్రధానమైన ఆధారం ఎగ్జిట్ సంఖ్యే అయినప్పుడు, ఆ సంఖ్యకు దూరంతో ఏ సంబంధమూ లేకుండా చేయడం ప్రణాళికా లోపం. దాన్ని సరిదిద్దక తప్పదు.

ఔటర్ పొడవు 158 కిలోమీటర్లు, దానికి మొదట ఇచ్చిన ఎగ్జిట్ సంఖ్యలు 19. అంటే ఒక ఇంటర్‌ఛేంజ్‌కు, అనగా వాహనాలు వలయంపైకి ఎక్కి దిగే కూడలికి, మరోదానికి మధ్య సగటు దూరం 8 కిలోమీటర్లకు పైనే. మధ్యలో వెనక్కి తిరిగే వీలు లేదు కనుక ఒక్క ఎగ్జిట్ దాటిపోతే పోనూ రానూ సుమారు 16 కిలోమీటర్లు అదనం. దారి సూచికల గురించిన చర్చల్లో ఈ 16 కిలోమీటర్ల ప్రస్తావనే రాదు.

శామీర్‌పేట ఎగ్జిట్ 7, శంషాబాద్ ఎగ్జిట్ 16. సవ్యదిశలో ఘట్‌కేసర్ మీదుగా వెళ్తే తేడా 9, అపసవ్యదిశలో పటాన్‌చెరు మీదుగా వెళ్తే 10. వీటిలో దగ్గరి దారి ఏదో ఆ అంకెలు చెప్పవు. తర్వాత మల్లంపేట వద్ద 4ఏ, నార్సింగి వద్ద 18ఏ చేరడంతో ఆ 10 కూడా 10గా నిలవలేదు. కిలోమీటరు సంఖ్యనే ఎగ్జిట్ సంఖ్యగా పెట్టి ఉంటే కొత్త కూడలికి తోక అక్షరం అవసరమే ఉండేది కాదు. అమెరికా 2009లో తన జాతీయ ప్రమాణాల్లో దూరం ఆధారిత సంఖ్యలనే తప్పనిసరి చేసింది.

అంత దూరం చూడనవసరం కూడా లేదు. సింగరేణి భూగర్భ గనుల్లో బొగ్గు పొర వాలు వెంట సాగే మార్గాన్ని డిప్ అని, దానికి అడ్డంగా సాగే మార్గాన్ని లెవల్ అని పిలుస్తారు. ఫలానా డిప్, ఫలానా లెవల్ అంటే చీకట్లోనైనా మనిషి ఎక్కడున్నాడో, ఎంత దూరంలో ఉన్నాడో కార్మికుడికి తెలుస్తుంది. భూమి లోపల సాధ్యమైనది ఎనిమిది వరుసల రహదారిపై అసాధ్యమనడం కుదరదు.

పాత సంఖ్యలు జనానికి అలవాటయ్యాయన్న వాదనలో కొంత నిజముంది. కొన్నేళ్లు రెండు సంఖ్యలనూ పక్కపక్కన రాస్తే ఆ చిక్కు తీరుతుంది. ఫోన్‌లో మ్యాప్ ఉండగా బోర్డులెందుకన్న వాదనకు మాత్రం ఆ పాటి విలువ కూడా లేదు. గంటకు 120 కిలోమీటర్ల వేగంతో పోయే కారు సెకనుకు 33 మీటర్లు దాటుతుంది. ఆ వేగంలో డ్రైవరు చూపును తెరపైకి మళ్లించమనడం ప్రమాదాన్ని విధానంగా ప్రకటించడమే.

ఔటర్‌పై టోల్ వసూలయ్యేది ఎక్కిన చోటు నుంచి దిగిన చోటుకు ఉన్న దూరాన్ని బట్టే. రుసుము తీసుకోవడానికి కిలోమీటర్లు లెక్కించే యంత్రాంగం, దారి చెప్పవలసి వచ్చేసరికి వరుస సంఖ్యతో సరిపెట్టడం సమర్థనీయం కాదు. సంగారెడ్డి నుంచి గజ్వేల్, భువనగిరి మీదుగా చౌటుప్పల్ వరకు ప్రతిపాదించిన రీజనల్ రింగ్ రోడ్డు ఉత్తర భాగానికీ ఇదే పద్ధతి పాటిస్తే, రామగుండం నుంచి వచ్చే లారీ ఒకటి నుంచే మొదలయ్యే రెండు వలయాల సంఖ్యలను దాటవలసి వస్తుంది. ఒక సంఖ్యను మరొకటిగా పొరబడిన ప్రతిసారీ అదనపు కిలోమీటర్ల డీజిలూ టోలూ భరించేది బోర్డు రాయించిన అధికారి కాదు, ఆ లారీ డ్రైవరు.